బ్యాడ్జికి కథ అతికించి అమ్మే షాపు: రెండు స్టార్లు

ముందే చెప్పేస్తాను, ఐదుకి రెండు. ఒకటి ప్యాకింగుకి, ఇంకొకటి చివరికి డబ్బులు వెనక్కి ఇచ్చినందుకు. షాపు పేరు మాత్రం రాయను, ఎందుకంటే ఈ తరహా ఆన్‌లైన్ షాపులు ఒకటి కాదు, ఒకటి మూసేస్తే ఇంకోటి వస్తుంది, నేను చెప్పేది ఏ షాపుకైనా పనికొస్తుంది.

నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నా, ఆరేళ్లయింది. తాతయ్య ఇనప్పెట్టెలో దొరికిన చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయితో మొదలైన పిచ్చి నాది. నాణేల నుంచి పతకాలకి, పతకాల నుంచి బ్యాడ్జిలకి పాకింది. ఈ ఊళ్లో ఉంటూ నాజీల కాలాన్ని చూడకుండా తప్పించుకోవడం కష్టం. ఆ పార్టీ పుట్టింది ఇక్కడే. 1920 ఫిబ్రవరి 24న హోఫ్‌బ్రాయ్‌హౌస్ బీరు హాల్లో 25 అంశాల కార్యక్రమం చదివారు, ఆ హాలుకి ఇప్పుడు టూరిస్టులు బీరు తాగడానికి వెళ్తారు. నేను రోజూ ట్రామ్ దిగే గీసింగ్‌లో, టెగర్న్‌సేయర్ లాండ్‌స్ట్రాసె మీద ఒక పెద్ద పాత భవనం ఉంది. యుద్ధం తర్వాత దాన్ని అమెరికా సైన్యం వాడుకుంది. అంతకు ముందు అది రైష్‌త్సోయ్‌గ్‌మైస్టరై, అంటే పార్టీ యూనిఫారాలు, బెల్టు బకిల్స్, బ్యాడ్జిలు ఎవరు తయారు చెయ్యాలో, ఎలా తయారు చెయ్యాలో లైసెన్సులిచ్చి అదుపు చేసిన ఆఫీసు. ఆ ఆఫీసు ముద్ర ఆర్‌జెడ్‌ఎం. నేను కొన్న బ్యాడ్జి వెనక కూడా ఆ ముద్రే ఉందన్నారు. అక్కడే మొదలైంది కథ.

ప్రకటన ఇలా ఉంది: "నాజీ పార్టీ సాధారణ సభ్యత్వ బ్యాడ్జి, ఎం1/120 ముద్ర, బవేరియాలో ఒక పల్లెటూరి బడిపంతులు 1937 నుంచి కోటుకి పెట్టుకున్నది, ఆయన మనవరాలి దగ్గర నేరుగా కొన్నాం, సర్టిఫికెట్ ఇస్తాం." ధర 68 యూరోలు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు నన్ను పడేసింది ఆ 1937 అనే అంకె. చరిత్ర కొద్దిగా తెలిసినవాడికి అది ఎంత నమ్మేట్టు ఉంటుందో చూడండి. 1933 జనవరిలో హిట్లర్ ఛాన్సలర్ అయ్యేనాటికి పార్టీ సభ్యులు సుమారు 8.5 లక్షలు. మార్చి ఎన్నికలయ్యాక జనం ఎగబడ్డారు. మన దగ్గర ఫలితాలు రాగానే కండువా మార్చుకునేవాళ్లు ఎలాగో, అక్కడ అలా చేరినవాళ్లని పాత సభ్యులు 'మార్చిలో నేలకొరిగినవాళ్లు' అని ఎగతాళి చేసేవారు. 1848 మార్చి విప్లవంలో చనిపోయిన అమరులకి ఉన్న పేరు అది, దాన్నే వెటకారంగా వీళ్లకి తగిలించారు. తాకిడి తట్టుకోలేక 1933 మే 1న కొత్త సభ్యత్వాలు ఆపేశారు, మళ్లీ 1937లో గేట్లు తెరిచారు. కాబట్టి 1937లో చేరిన బడిపంతులు అంటే సరిగ్గా అతికినట్టు ఉంది. చరిత్ర తెలిసినవాడే రాశాడు ఆ ప్రకటన, సందేహం లేదు.

జర్మనీలో ఇవి కొనడం నేరం కాదా అని చాలామంది అడుగుతారు. ఇక్కడి శిక్షాస్మృతి 86ఎ సెక్షన్ ప్రకారం నాజీ గుర్తులు బయట ప్రదర్శించినా, పంచినా మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా. చరిత్ర పరిశోధన, బోధన, కళ లాంటి వాటికి మినహాయింపు ఉంది. అందుకే అమ్మేవాళ్లు ఫొటోలో స్వస్తిక్ మీద గుండ్రటి స్టిక్కర్ వేస్తారు, కొనేముందు "నేను దీన్ని చరిత్ర అధ్యయనం లాంటి పనులకే వాడతాను, ప్రచారానికి వాడను" అని మన చేత ఒప్పిస్తారు. ఈ షాపు ఆ పని పద్ధతిగా చేసింది, ఒప్పుకోవాలి. పార్సిల్‌లో వచ్చిన బ్యాడ్జి మీద కూడా స్టిక్కర్ ఉంది. ప్యాకింగ్ అయితే మా అత్తగారు ఆవకాయ జాడీ పంపినప్పుడు కూడా అంత జాగ్రత్త చూడలేదు, మూడు పొరలు, స్పాంజి, దాని లోపల చిన్న జిప్ కవరు. ఒక స్టార్ అందుకే.

స్టిక్కర్ తీశాను.

అసలు బ్యాడ్జి ఎలా ఉంటుందో ముందు చెప్పాలి, లేకపోతే నా గోల అర్థం కాదు. సుమారు 23 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ల, ఇప్పటి మన రూపాయి నాణెం కన్నా కాస్త పెద్దది. మధ్యలో తెల్ల మీనా (గాజు పూత), దాని మీద మూల మీద నిలబడ్డట్టు ఒరిగిన నల్ల స్వస్తిక్, చుట్టూ ఎర్ర మీనా పట్టీ, అందులో పార్టీ పేరు లోహపు అక్షరాల్లో. కోటు ఎడమ పక్క కాలరు మీద పెట్టుకునేవారు. కొన్నింటికి వెనక సూది, కొన్నింటికి కాజాలో దూర్చే అర్ధచంద్రాకారపు బిళ్ల. ఎర్రగా తెల్లగా గుండ్రంగా ఉంటుంది కదా, జనం చాటుగా దాన్ని 'బోన్‌బోన్' అనేవారు, పిప్పరమెంటు బిళ్ల అని. దీని డిజైను ఇచ్చింది ఫ్యూస్ అనే మ్యూనిక్ కంసాలి అని హిట్లరే తన పుస్తకంలో రాసుకున్నాడు.

మంచి కాలంలో చేసినవి రాగి కలిసిన లోహం మీద నిజమైన మీనా పని. అంటే గాజు పొడి నింపి సుమారు 800 డిగ్రీల దగ్గర పుటం పెట్టి, చల్లారాక రాయి మీద అరగదీస్తారు. అరగదీస్తారు కాబట్టి అక్షరం అంచూ మీనా ఒకే మట్టంలో ఉంటాయి, వేలి గోరు వేసి లాగితే ఎక్కడా తట్టుకోదు. మీనా అంటే గాజే కదా, దెబ్బ తగిలితే పలుగురాయి పెచ్చు ఊడినట్టు ఊడుతుంది, గీత పడదు. బుగ్గకి ఆనిస్తే చల్లగా ఉంటుంది. ఇవి పుస్తకాల్లో చదివితే వచ్చేవి కావు, నాలుగు అసలైనవి చేత్తో పట్టుకుంటే వస్తాయి.

నాకు వచ్చినదాన్ని భూతద్దం కింద పెట్టాను. ఎర్రటి పట్టీలో ఒక అక్షరం పక్కన చిన్న గుంట ఉంది, పెచ్చు ఊడిన గుంట కాదు, మెత్తటి వస్తువు ఆరి లోపలికి లాక్కున్నట్టు నున్నటి గుంట, సరిగ్గా చిన్న కామా ఆకారంలో. సరే, పాతది కదా అనుకున్నా. గోరు వేసి లాగాను, ప్రతి అక్షరం దగ్గరా టక్ టక్ అని తట్టుకుంది. అప్పుడు గుండె కాస్త జారింది. నోట్లు చూసే నీలం లైటు ఒకటి ఉంది నా దగ్గర, పరదాలు వేసి అది వెలిగిస్తే తెల్ల భాగం ట్యూబులైటులా వెలిగింది. గాజు అలా వెలగదు, ఇప్పటి రెజిన్లూ జిగుర్లూ వెలుగుతాయి. ఆఖరికి మా ఆవిడ కుట్టు సూది తీసుకుని పట్టీ అంచున, ఎవరికీ కనపడని చోట, మెల్లగా నొక్కితే దిగింది. దిగింది అంటే దిగింది. గాజులోకి సూది దిగదు కదండీ. వెనక్కి తిప్పితే ఆర్‌జెడ్‌ఎం ముద్ర గుండ్రటి గీత ఒక చోట పలచగా, ఇంకో చోట లావుగా, అచ్చు మీద అచ్చు తీసినట్టు మసకగా ఉంది. ఎం1/120 అంటే ల్యూడెన్‌షైడ్ ఊళ్లో డోయ్‌మర్ అనే కంపెనీ కోడు. లోహపు బిళ్లలు కొట్టడంలో పేరున్న ఊరు అది, అక్కడివాళ్లు అంత మసక ముద్ర కొడతారంటే నేను నమ్మను.

ఈ మధ్యలో మా ఆవిడ వచ్చింది. లైటు ఎందుకు ఆర్పావని అడగడానికి వచ్చి బల్ల మీద దాన్ని చూసింది. ఇంతకు ముందు నాణేలు కొన్నప్పుడు ఖర్చు గురించి తప్ప ఏమీ అనేది కాదు. "ఏమండీ, మన గుమ్మం మీద స్వస్తిక్ చూసి పక్కింటావిడ అడిగింది గుర్తుందా? అరగంట కూర్చోబెట్టి చెప్పాం, మాది వేరు అని. రేపు ఆవిడ కాఫీకి వచ్చి ఇది చూసిందనుకోండి, మనం చెప్పిందంతా అబద్ధం అనుకోదూ?" నా దగ్గర జవాబు లేదు. మనకి ఉగాదికి గడప మీద, కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీలో వేసే గుర్తు అది, ఇక్కడివాళ్లు దాన్ని సంస్కృతం పేరుతో పిలవరు, 'హాకెన్‌క్రోయిట్స్' అంటారు, కొక్కేల సిలువ. పేరు వేరు, అర్థం వేరు, నిలబెట్టిన తీరు కూడా వేరు. ఇవన్నీ నిజమే గానీ పక్కింటావిడ తాతని ఎవరు తీసుకుపోయారో నాకు తెలియదు కదా. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక రూలు: ఇలాంటివి పుస్తకాల అల్మారాలో కాదు, తాళం ఉన్న సొరుగులో, కవరులో, స్టిక్కర్ తీయకుండా.

షాపుకి మెయిల్ రాశాను, ఫొటోలు పెట్టి, సూది సంగతి తప్ప అన్నీ చెప్పి. సూది గుచ్చానంటే 'పాడు చేశారు' అని తిప్పికొడతారేమో అని భయం. జవాబు మర్నాడే వచ్చింది, ఆ విషయంలో చురుకే. "యుద్ధం చివర్లో లోహాలకీ మీనాకీ కొరత వచ్చి ఇలా రంగు వేసి చేసేవారు, ఇది ఆ రకం, మీరు కొత్తవారు కాబట్టి తెలియకపోవచ్చు." ఆ కొత్తవారు అన్న మాట దగ్గర నాకు కాస్త కాలింది. సరే, యుద్ధం చివర్లో జింకులాంటి నాసిరకం లోహాలు వాడారు, నాణ్యత పడిపోయింది, ఒప్పుకుంటాను. మరి మీ మేష్టారు 1937 నుంచీ పెట్టుకున్నారని మీరే రాశారు కదా, 1944 నాటి బ్యాడ్జి 1937లో ఎలా పెట్టుకున్నారండీ అని తిరిగి రాశాను. దానికి జవాబు లేదు. రెండు రోజుల తర్వాత రిటర్న్ లేబుల్ మాత్రం వచ్చింది, ఒక్క ముక్క రాయకుండా.

ఆ సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాలి. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు, సంతకం. "అసలైనదని మా అభిప్రాయం" అని ఉంది. అభిప్రాయం! నగల షాపువాడు గిల్టు గాజులకి "బంగారమని మా అభిప్రాయం" అని రసీదు ఇస్తే మన అమ్మమ్మలు ఏం చేసేవారో ఊహించుకోండి. పైగా ఆ కాగితంలో సగం ఆ మేష్టారి కథే, మనవరాలు, ఊరి చర్చి, కోటు. బ్యాడ్జి వెనక భాగం గురించి ఒక్క లైను.

ఇక్కడే నాకు అసలు విషయం తట్టింది. ఈ సాధారణ బ్యాడ్జి మీద ఎవరి పేరూ ఉండదు, నంబరూ ఉండదు. 1945 నాటికి పార్టీ సభ్యులు సుమారు 85 లక్షలు, పన్నెండేళ్లలో పదింతలు. ఇది బేకరీవాడి కోటు మీదిదా, జడ్జి కోటు మీదిదా, ఎవరినో పోలీసులకి పట్టించిన పక్కింటాయన కోటు మీదిదా, బిళ్లని చూసి చెప్పలేం. పేరు లేదు కాబట్టే ఎవడైనా ఏ పేరైనా అతికించవచ్చు. అమ్మకానికి వచ్చే కథలన్నీ మేష్టార్లు, పోస్టుమాస్టర్లు, డాక్టర్లు. మనిషిని పట్టించినవాడి బ్యాడ్జి అని ఎవరూ అమ్మరు, అలాంటివాళ్లకి మనవరాళ్లు లేరేమో.

పేర్లు కావాలంటే అవి వేరే చోట ఉన్నాయి. పార్టీ సభ్యత్వ కార్డులు, కోటికి పైగా, యుద్ధం చివరి వారాల్లో ఈ మ్యూనిక్‌లోనే ఫ్రైమాన్ దగ్గర కాగితపు మిల్లుకి గుజ్జు చెయ్యమని పంపారు. మిల్లు నడిపే ఆయన గుజ్జు చెయ్యకుండా పాత కాగితాల గుట్టల కింద దాచి అమెరికావాళ్లకి చెప్పాడు. అవి బెర్లిన్‌లో అమెరికావాళ్ల చేతిలో ఉండి 1994లో జర్మన్ జాతీయ ఆర్కైవ్‌కి వచ్చాయి. హిట్లర్ ఆర్కిటెక్టు ఆల్బర్ట్ స్పీర్ 1931 మార్చిలో చేరాడు, నంబరు 474481 అని ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే ఇలాంటి కార్డుల వల్లే. మరి బ్యాడ్జిల సంగతి? 1945 ఏప్రిల్ 30న అమెరికన్లు మ్యూనిక్‌లోకి వచ్చారు, ఆ తర్వాత జనం ముందు 131 ప్రశ్నల ఫారం పెట్టి పార్టీలో ఉన్నావా అని అడిగారు. ఆలోపే జనం బ్యాడ్జిల్ని నదుల్లో, బావుల్లో పడేశారు, పెరట్లో పాతిపెట్టేశారు. ఇప్పటికీ మట్టిలో దొరుకుతుంటాయి, ఎర్ర మీనా సగం ఊడి. ఇంకా కొన్ని సైనికుల జేబుల్లో అమెరికా చేరాయి.

నంబరు ఉండేది బంగారు బ్యాడ్జికి. అదే బిళ్ల చుట్టూ బంగారు రంగు ఆకుల దండ, వెనక సభ్యత్వ నంబరు చెక్కి ఉంటుంది. 1933లో పెట్టారు, లక్ష లోపు నంబరు ఉండి, 1925లో పార్టీని మళ్లీ పెట్టినప్పటి నుంచి మధ్యలో వదలకుండా ఉన్నవాళ్లకి. యూనిఫారానికి పెద్దది, మామూలు కోటుకి చిన్నది, రెండు సైజులు. హిట్లర్ తనదాన్ని ఆఖరి రోజుల్లో బంకర్లో తన ప్రచార మంత్రి గోబెల్స్ భార్య మాగ్దాకి ఇచ్చేశాడు. అది మాస్కోకి చేరి 2005లో దొంగతనానికి గురైంది. ఇవి వేల యూరోలు పలుకుతాయి, అందుకే నకిలీలూ ఎక్కువే, అసలైన మామూలు బిళ్లకి దండ అతికించి నంబరు కొట్టేస్తారు. ఇదే షాపులో అలాంటిది 2900 యూరోలకి ఉంది, నా అనుభవం చూశాక దాని జోలికి ఎవరైనా వెళ్తారంటే వాళ్ల ఇష్టం. నేనైతే అసలైనదని తేలినా కొనను. మామూలు బిళ్ల జనం ఎలా కొట్టుకుపోయారో చెబుతుంది, అది దాచుకోవడానికి నాకో కారణం ఉంది. మొదటి నుంచీ నమ్మి, ముందు నడిచినవాడి గర్వాన్ని నేను డబ్బులిచ్చి కొనడమేంటి? ఒకసారి ఒక సంతలో ఒకతను ఇవి చూపిస్తూ కళ్లు మెరిసేలా మాట్లాడాడు, ఆ మెరుపు నాకు నచ్చలేదు, నాణెం చూసుకునే పని ఉందని చెప్పి పక్కకి వచ్చేశా. ఈ సేకరణలో అలాంటివాళ్లు తగులుతారు, ముందే తెలిసి ఉండడం మంచిది.

పోల్చడానికి ఇంకో అనుభవం. స్టేషన్ వెనక వీధిలో నాణేలు, స్టాంపులు అమ్మే ఒక ముసలాయన చిన్న షాపు ఉంది. కార్డు తీసుకోడు, బుధవారం మధ్యాహ్నం మూసేస్తాడు, నమస్కారం పెడితే సగం జవాబిస్తాడు. ఈ వస్తువులు కిటికీలో పెట్టడు, అడిగితే ఎందుకని అడుగుతాడు, నచ్చితే లోపల్నుంచి తెస్తాడు. నకిలీ ముక్క చూపించి ఇలాంటిది కాకుండా ఒకటి కావాలన్నాను. నవ్వలేదు గానీ మీసం కదిలింది. లోపలికెళ్లి ఒక బిళ్ల తెచ్చి బోర్లా పెట్టి, పక్కన భూతద్దం పెట్టి, "ముందు వెనక చూడండి" అన్నాడు. ఎం1/52, మ్యూనిక్‌లోని డెష్లర్ కంపెనీ కోడు, గీతలు సూదితో గీసినట్టున్నాయి. తిప్పితే ఎర్ర పట్టీ మీద ఒక పెచ్చు ఊడి ఉంది, గాజు ఊడినట్టే, అంచులు పదునుగా. గోరు ఎక్కడా తట్టుకోలేదు. 45 యూరోలు. ఎవరిదండీ ఇది అని అడిగాను, అలవాటుగా. "ఏదో ఇల్లు ఖాళీ చేస్తే బొత్తాల డబ్బాలో వచ్చిందని ఇచ్చినవాడు చెప్పాడు. మీరు నమ్మక్కర్లేదు, నేనూ నమ్మలేదు" అన్నాడు. కాగితం మీద సంతకం పెట్టించుకుని, మధ్యలో స్టిక్కర్ అంటించి, పాత కవరులో వేసిచ్చాడు. ప్యాకింగ్ సున్నా. ఆయనకి ఐదుకి నాలుగున్నర, ఆ అర బుధవారానికి.

ఆన్‌లైన్ షాపు డబ్బులు 19వ రోజుకి వచ్చాయి, పోస్టు ఖర్చు 6 యూరోల 90 సెంట్లు పట్టుకుని. అంతటితో వదిలేద్దామనుకున్నా. నెల తర్వాత ఊరికే ఆ సైట్ తెరిస్తే మొదటి పేజీలోనే ఒక బ్యాడ్జి కనిపించింది. ఫొటో పెద్దది చేశాను. ఎర్ర పట్టీలో అదే అక్షరం పక్కన అదే కామా ఆకారపు గుంట. ఇప్పుడది నూరెంబర్గ్‌లో ఒక పోస్టాఫీసు గుమస్తాది అట, ఆయన అల్లుడి దగ్గర నేరుగా కొన్నారట. 78 యూరోలు.